ఎల్బీనగర్ ఏనుగు, కొత్తపేట పచ్చపిట్ట

మైథిలీ, వంశీ, పోయినసారి ఫోన్లో మీరిద్దరూ ఒకటే ప్రశ్న వేశారు. అమ్మమ్మ దగ్గరగా చూసిన వాటిలో అన్నిటికంటే పెద్ద జంతువేది, అన్నిటికంటే చిన్న పిట్టేది అని. సూరత్‌లో మీ బడిలో ఆ రెండింటికీ పోలికలు, తేడాలు రాసుకొని రమ్మన్నారట. అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఏనుగునూ, వేలెడు మునియా పిట్టనూ నేను ఒకే ప్రయాణంలో చూశాను. ఆ ప్రయాణం నుంచి విడదీస్తే ఆ రెండింటి సంగతి మీకు అర్థం కాదనిపించి, కూర్చొని మొత్తం రాస్తున్నాను. ఇందులో బడికి పనికొచ్చేది ఎంతుందో మీరే చూసుకోండి.

మీ నర్సింహ తాతను చూడడానికే నేను కొత్తపేట వెళ్లాను. ఆయన నాకు పెద్దన్న, మీ అమ్మకు మేనమామ. చీర నేయకముందే నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, బొమ్మ తెచ్చే చిటికీ పనిలో మన పోచంపల్లి వైపు ఆయన చేతికి పేరుండేది. ఆ చెయ్యే పోయింది. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకొని ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక అన్నం ముట్టడం మానేశాడని యాదమ్మ వదిన ఫోన్ చేసింది.

"ఒకరి చేత్తో పెడితే పండ్లు బిగబడ్తున్నడు లచ్చుమీ. గిట్లనే ఉంటే ఎన్ని దినాలు ఉంటడు? నువ్వన్న వచ్చి చెప్పు" అంది. ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది.

హయత్‌నగర్

అది తెలంగాణ కోసం అందరూ రోడ్డు మీదికి వచ్చిన కాలం. బస్సులు నడవడం లేదు. ఊళ్లో ఎక్కిన షేర్ ఆటో అతను మామూలు కిరాయికి రెండింతలు తీసుకొని, హయత్‌నగర్‌లో దింపేశాడు. "ఇగ ముంగటికి పోదు అవ్వా. పోతే టైర్ల గాలి తీస్తరు" అన్నాడు.

మన ఊళ్లో బంద్ అంటే మగ్గాల చప్పుడు ఆగిపోవడమే. అక్కడ బంద్ అంటే ఇంత వెడల్పు విజయవాడ రోడ్డు మీద కుక్కలు అడ్డంగా పడుకోవడం. ఆ రోడ్డును అలా ఎప్పుడూ చూడలేదు. లారీలు లేకపోతే దానికి ఎత్తుపల్లాలు ఉన్నాయని తెలిసింది. సంచిలో అన్నకిష్టమైన సర్వపిండి రొట్టెలు, చింతపండు తొక్కు పెట్టుకొని అంచున నడిచాను. కొంతదూరం పోయాక చెప్పు తెగింది. చెప్పులు కుట్టే డబ్బా మూసి ఉంది. జేబురుమాలుతో కట్టుకున్నాను.

ఒక ఇంటి ముందు అరుగు కడుగుతున్న ఆమె నన్ను చూసి, అడక్కుండానే చెంబుతో నీళ్లు తెచ్చింది. "యాడికి అవ్వా గీ బంద్‌ల?" అంది. కొత్తపేట అన్నాను. ఆమె నా కాలు చూసి, రోడ్డు చూసి, పాలబండి వస్తుంటే తనే ఆపింది. బంద్‌లో కూడా పాలబండిని ఎవరూ అడ్డుకోరట. డబ్బాల మధ్య కూర్చొని ఎల్బీనగర్ దగ్గరిదాకా వెళ్లాను. డ్రైవరు డబ్బులు తీసుకోలేదు.

ఎల్బీనగర్ చౌరస్తా

చౌరస్తా నడిమధ్యలో రాళ్లపొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. దాన్ని వంటావార్పు అంటారు. రోడ్డు ఆపడానికి రాళ్లు వేయకుండా, అక్కడే వండుకొని అక్కడే తినడం. మన దగ్గర రోడ్డు మీద గాడిపొయ్యి కనబడితే పెళ్లి అయినా అయి ఉండాలి, చావు అయినా అయి ఉండాలి. ఇక్కడ నల్లకోటు వకీళ్లు వంకాయలు కోస్తున్నారు. ఆడవాళ్లు ఒక పక్క బతుకమ్మ ఆడుతున్నారు.

అన్న కొడుకు శ్రీశైలం బస్సు డ్రైవరు. సమ్మెలో ఉన్నాడు. టెంటులోంచి లేచి వచ్చాడు.

"ఏందత్తమ్మా, నడుసుకుంటనే వచ్చినవా? ఫోన్ చేస్తే బండి మీద వద్దునుగద."

"బండి రానిస్తరా?"

"ఆపేటోళ్లమే మేము" అని నవ్వి, విస్తరి వేసి, పప్పు, వంకాయ కూర వడ్డించాడు. ఉప్పు తక్కువైంది గానీ ఆకలి మీద బాగుంది.

తింటుండగా జనం ఒక్కసారి రెండుగా చీలారు. ఏనుగు వచ్చింది. ఎక్కడో ఊరేగింపు ఉందని తోలుకొస్తుంటే బంద్‌లో ఇరుక్కుందట. అంబులెన్సుకు తప్ప దేనికీ దారివ్వని వాళ్లు దానికి దారిచ్చారు. గంజి వంచిన అన్నంలో బెల్లం కలిపి ముద్దలు చేసి పెట్టారు.

"దీనికి గూడ తెలంగాణ కావాలెనంట" అన్నాడొకాయన.

"అది యూపీదిరా."

"అయితే ఏంది, మన బువ్వ తిన్నది."

మావటి బక్కపల్చని ముసలాయన, తలకు గళ్ల రుమాలు. ఏళ్ల తరబడి ఈ దిక్కే తిరుగుతున్నాడట, తెలుగు బాగానే మాట్లాడాడు. అందరూ పది రూపాయలిచ్చి తొండంతో తల మీద దీవెన పెట్టించుకుంటున్నారు. నేను ఊరికే నిలబడి చూస్తుంటే, ఆయన నా చెయ్యి పట్టుకొని ఏనుగు ముందుకాలి వెనక, పక్కటెముకల మీద పెట్టించాడు. "ఈడ దిల్ ఉంటది అమ్మా. జర ఆగు" అన్నాడు.

తోలు పాతగోడలా గరుకుగా ఉంది. లోపల ఎక్కడో దూరంగా ఒకసారి కొట్టుకుంది. ఆగిపోయిందేమో అని నేను అనుకునేలోపు మళ్లీ ఒకసారి. అంత నిదానం. కిందికి చూస్తే కాలికి గొలుసు ఒరుసుకున్న చోట తోలు తెల్లగా నున్నబడి, గాజు తొడిగినట్టు ఉంది.

కొత్తపేట

అన్నవాళ్లది పండ్ల మార్కెట్టు వెనక గల్లీలో కిరాయిల్లు. గల్లీ మొదట్లోనే బత్తాయిలు మురిగిన వాసన వస్తుంది, లోపలికి పోయినా వదలదు. బంద్‌లో లారీలు కదలక కుప్పలు అలాగే ఉండిపోయాయట.

అన్న కిటికీ పక్క మంచంలో నిద్రపోతున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. వదిన వంటగదిలో ఉంది. గిన్నెలో కుంకుడు నీళ్లు, చేతిలో తెల్లగుడ్డ, మరో చేతిలో ఏదో చిన్నది. వంగి చూస్తే పిట్ట. ముక్కు ఎరుపు, వీపు పచ్చన, పొట్ట పసుపు, పక్కలకు జీబ్రా గీతలు. పిచ్చుక కంటే చిన్నది.

ఇది ఎందుకో చెప్పాలి. మన ఊళ్లో ఒకరు మంచాన పడితే తల చుట్టూ కోడిని తిప్పి దిష్టి తీస్తాం. పట్నంలో కొందరు పిట్టను తిప్పుతారు. తిప్పిన పిట్టను మనిషి చేతిలో పెట్టి, ఆ చేత్తోనే వదిలిస్తే, అది జబ్బును మోసుకొని ఎగిరిపోతుందని నమ్మకం. వదిన అలా మొక్కుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు వందలు పెట్టి దాన్ని కొన్నది. పక్కింటామె చూసి, "పచ్చ పిచ్చుకలు యాడుంటయి యాదమ్మా, రంగేసి అమ్మిండ్రు" అన్నది. దొంగరంగు పిట్టతో మొక్కు తీరుతుందా అని వదినకు పట్టుకుంది. బతుకంతా రంగుల్లో గడిపిన ఇల్లు కదా, నూలుకు చేసే పరీక్షే పిట్టకూ చేసింది. కుంకుడు నీళ్లలో గుడ్డ తడిపి రెక్కలు గట్టిగా రుద్దింది.

"వదినే, అది నూలు కాదు" అన్నాను.

అప్పటికే అయిపోయింది. గుడ్డ తెల్లగానే ఉంది. పిట్ట తల వాలేసింది.

దాన్ని తీసుకొని రెండు అరచేతుల మధ్య పెట్టి, నా గొంతుకు ఆనించుకొని వెచ్చగా ఊపిరి ఊదుతూ కూర్చున్నాను. బరువే లేదు. మధ్యాహ్నం ఏనుగు పక్కటెముకల మీద పెట్టిన చెయ్యే ఇది. అక్కడ దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎదురుచూడాల్సి వచ్చింది. ఇక్కడ దెబ్బలు విడిగా లేవు, మిషన్ కుట్టినట్టు ఒకటే వణుకు. అది చలికో, భయానికో, గుండె ఎప్పుడూ అంతేనో తెలియలేదు. వదిన ఎదురుగా గోడకు ఆనుకొని, "నా చేతుల చస్తే ఇగ ఆయన కూడ…" అని ఆపేసింది.

చాలాసేపటికి అది కళ్లు తెరిచింది. మా మాటలకు అన్న లేచాడు. మాట ముద్దగా వస్తోంది, చెవి పెట్టి వినాలి. "ఏం జేస్తున్నరు?" అన్నాడు. వదిన దాచకుండా చెప్పింది.

దగ్గరికి తెమ్మన్నాడు. ఎడమచేతి వేలితో రెక్క పక్కకు తీసి, ఈకల మొదళ్ల దాకా చూశాడు. ఇదివరకు నూలు ఎలా చూసేవాడో, అలాగే.

"పక్కా రంగే. ఉతికితె పోదు" అన్నాడు.

"అయితే మంచిదే. ఎడమ చేత్తోనన్న ఇడువు. తలుపు తీస్త" అంది వదిన.

అన్న వేళ్లు మూసుకున్నాడు. "ఈడ ఇడిస్తే కాకి తింటది. దాని తావుకు తీస్కపోండ్రి."

"నీకోసమే గద తెచ్చింది. నువ్వు లేస్తవని."

నేను తెచ్చిన సర్వపిండి పాలలో నానబెట్టి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు. నేను పెట్టినా అంతే.

అన్న పాతరోజుల్లో అనేవాడు. కొంగు మీద ఏనుగుకు ఒక ముడి అటూఇటూ అయినా ఎవరికీ కనబడదు, కడుపు కొంచెం లావవుతుంది, అంతే. పిట్టకు ఉండేది నాలుగైదు ముడులు, ఒకటి తప్పినా పిట్ట ఉండదు, మరక ఉంటుంది. నాకు అప్పుడది పనిలో సంగతిగానే అనిపించేది.

దిల్‌సుఖ్‌నగర్

దాని తావు ఎక్కడో అమ్మినవాడికే తెలియాలి కదా. మరునాడు పొద్దున వదినా నేనూ పంజరం తువ్వాలలో చుట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ నడిచాం.

బంద్ రోజుల్లో అక్కడి బేరం మీరు చూడాలి. షట్టర్లన్నీ మోకాలి ఎత్తున ఆపి ఉంటాయి. బయట ఒకడు చెప్పులు సర్దుకుంటున్నట్టు కూర్చుంటాడు. చీర కావాలంటే వంగి లోపలికి దూరాలి. ఎవరైనా జెండాలతో వస్తే బయటివాడు షట్టరు తడతాడు, లోపల చీకటైపోతుంది. మన అంగడిలో సరుకు బయట పరిచి అరుస్తారు, ఇక్కడ అరవకుండా అమ్ముతారు.

పిట్టలాయన బస్ డిపో దాటాక ఒక సందులో ఉన్నాడు. పంజరాల మీద దుప్పటి కప్పాడు.

"ఇది యాడిది?" వదిన అడిగింది.

"దూరం అమ్మా, కొండల దిక్కు. గుంపు మీద వల ఏస్తరు. గంపెడు పడితే గుప్పెడు దిగుతయి పట్నంల. ఇప్పుడు ఆ గుప్పెడు కూడ దొరుకుతలేవు. మా నాయన ఉన్నప్పుడు పంజరాల నిండ ఉండేటివి." పిట్టను చూసి, "వాపస్ ఇస్తరా? సగం ఇస్త" అన్నాడు.

"ఇడువనీకి కొన్నది వాపస్ ఎట్లిస్తం?"

"అందరు ఇడువనీకే కొంటరమ్మా. సాయంత్రానికి సగం నా తానకే వస్తయి. రెక్క కొసకు కత్తిరించినంగద, చెట్టు దాక పోయి పడ్తయి." ఆయన దాన్ని తప్పుగా చెప్పలేదు. కూరగాయలకు నీళ్లు చల్లడం గురించి చెప్పినట్టు చెప్పాడు.

నాకు వదిన మొహం చూడబుద్ధి కాలేదు. అన్న చేతిలోంచి ఎగిరి, గల్లీ చివర పడిపోయేదన్నమాట ఆమె మొక్కు.

వెళ్తుంటే ఆయనే వెనకనుంచి అన్నాడు. "వనస్థలిపురం జింకల పార్క్ కాడ ఒక మేడం ఉన్నది. నాయి ఒక పంజరం పిట్టలు ఫారెస్టోళ్లకు పట్టిచ్చింది. గామెను అడుగుండ్రి."

వనస్థలిపురం

ఎల్బీనగర్ దాటి కొంతదూరం పోయాక ఏనుగు మళ్లీ కనబడింది. రోడ్డు పక్క వేపచెట్టు కింద, గొలుసు చెట్టుకు చుట్టి ఉంది. మావటి దాని కాలికి ఆనుకొని బీడీ తాగుతున్నాడు. వదిన కొంగు ముడి విప్పి పది రూపాయలు ఇచ్చి, అన్న పేరు చెప్పి దండం పెట్టింది. తొండం ఆమె తల మీద ఆగి, తర్వాత కిందికి దిగి తువ్వాల వాసన చూసింది. లోపల పిట్ట ఒక మూలకు ఒదిగింది.

వదిన ఉన్నట్టుండి అడిగింది. "దీన్ని ఇడిస్తే అడవికి పోతదా?"

మావటి బీడీ నేలకు నలిపాడు. "యాడికి పోతదమ్మా? నాలుగడుగులు పోయి నిలబడ్తది. పిల్లగున్నప్పుడే మందలకెల్లి తెచ్చిండ్రు. దీనికి నేనే మంద. నేను పోతే ఎట్లనో, అది నాకు తెల్వదు."

అక్కడినుంచి నడుస్తుంటే వదిన పంజరాన్ని చేతికి వేలాడదీయడం మానేసి గుండెకు ఆనించి పట్టుకుంది.

బడికి రాసుకోవడానికి తేడాలు కావాలన్నారు కదా. దారిలో నేను అవే లెక్క వేసుకున్నాను. ఒకటి వస్తే రోడ్డు చీలుతుంది, ఇంకొకటి తువ్వాలలో పోతే ఎవరూ చూడరు. ఒకదాని గుండె నిదానం, ఇంకొకదానిది ఆగని వణుకు. ఒకదాన్ని గొలుసుతో పట్టాలి, ఇంకొకదానికి కత్తెర చాలు. పోలిక మాత్రం నాకు ఒకటే దొరికింది. రెండూ తమవాళ్ల మధ్య నుంచి తెచ్చినవే.

పార్కు గేటు దగ్గర కాపలా అతను ఒక కాలనీ ఇల్లు చూపించాడు. గేటుకు తాళం, కిటికీలకు మందం తెరలు. చాలాసేపు పిలిస్తే ఒకామె తలుపు సందులోంచి, "ఎవరండీ? ఏం కావాలి?" అంది.

వదిన నా మోచెయ్యి పట్టి లాగింది. "ఆంధ్రామె. పోదాం పా."

నేను కదిలేలోపే ఆమె పంజరాన్ని చూసింది. "అయ్యో, పచ్చ మునియానా? ఎండలో నిలబెట్టకండమ్మా, లోపలికి తీసుకురండి" అంటూ తాళం తీసింది.

ఆమె పేరు శారద. గుడివాడ వైపు వాళ్లట, ఇక్కడే బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెరటి వరండా అంతా జాలీ కట్టించారు. లోపల ఒక పుల్ల మీద ఇలాంటివే పచ్చపిట్టలు, ఒకదాన్నొకటి ఆనుకొని, నడుమ వేలు దూరనంత దగ్గరగా కూర్చున్నాయి.

మా పిట్ట కొత్తపేటలో ఒక్కసారీ నోరు తెరవలేదు. ఆ వరండాలో సన్నగా కూసింది. పుల్ల మీద ఉన్నవన్నీ ఒక్కసారి తలలు తిప్పి జవాబిచ్చాయి.

"రెక్కలు కత్తిరించారు. ఈకలు కొత్తవి రావాలి. వచ్చాక అటవీశాఖవాళ్లు అన్నిటినీ కలిపి కొండల దగ్గరికి తీసుకెళ్తారు" అన్నారు శారద గారు. "ఒక్కదాన్ని వదిలితే బతకదమ్మా. ఇవి ఆనుకోకుండా నిద్ర కూడా పోవు. అసలు మిగిలినవే తక్కువ."

వదిన పంజరం కింద పెట్టలేదు. "మా ఆయన చేతులకెల్లి ఎగిరితే ఆయన లేస్తడని మొక్కుకున్న. మీకిస్తే నా మొక్కు ఏమైతది?"

"నాకు తెలియదమ్మా. మీరు తీసుకెళ్తానంటే అడ్డు చెప్పను. ఎలా చూసుకోవాలో చెబుతాను, అంతే" అన్నారు శారద గారు.

లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మనం చాయ్ ఇస్తాం, వాళ్లు కాఫీ ఇస్తారు. ముందుగది చీకటిగా ఉంది. బయట గొడవలని కొన్నాళ్లుగా అక్కడ లైటు వేయడం లేదని ఆమే చెప్పారు.

"తెలంగాణ వస్తే మీరు పోతరా?" వదిన అడిగింది. మోటుగానే అడిగింది.

"పిల్లలు ఇక్కడే పుట్టారు. ఎక్కడికి పోతామమ్మా?"

వదిన గ్లాసు కింద పెట్టింది. "లైటు ఏసుకోండ్రి. మా పిలగాడు ఎల్బీనగర్ చౌరస్తల టెంటుల ఉంటడు. ఏమన్న అయితే శ్రీశైలం అని పిలువుండ్రి. యాదమ్మ చెప్పిందనుండ్రి."

తర్వాత లేచి వరండాలోకి వెళ్లి, పంజరం తలుపు తనే తీసింది. పిట్ట బయటికి రాలేక తడబడింది. శారద గారు అరచేతిలోకి తీసుకొని, నానిన కొర్రలు వేలి మీద పెట్టారు. ముందు మొహం తిప్పుకుంది. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. కాసేపటికి ఒక గింజ తీసుకుంది, మళ్లీ ఒకటి.

మళ్లీ కొత్తపేట

ముందే చెబుతున్నాను, అన్న కుడిచెయ్యి ఇప్పటికీ లేవలేదు. పిట్ట వల్ల చెయ్యి వచ్చిందని ఎవరితోనూ చెప్పకండి.

ఆ సాయంత్రం మేము వెళ్లేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. దారంతా వదిన ఏం చెప్పాలో ఆలోచిస్తూనే ఉంది. ఎగిరిపోయిందని చెబుదామా అని నన్ను ఒకసారి అడిగింది కూడా. మంచం పట్టె మీద కూర్చున్నాక మాత్రం ఉన్నదున్నట్టే చెప్పింది.

"ఎగరలే. రెక్కలు కోసిండ్రంట. ఒకామె కాడ దాని జాతివి ఇంకొన్ని ఉన్నయి. వాటిల కలిపి వచ్చినం. నా మొక్కు తీరలే."

"తింటున్నదా?" అన్నాడు అన్న.

"తింటున్నది. ముందు మొకం తిప్పుకున్నది. తర్వాత ఆమె చేతులకెల్లే తిన్నది."

ఆయన గోడవైపు తిరిగాడు. మేము లేచాం. వదిన వంటింటి గడప దాకా వెళ్లింది, నేను దుప్పటి సర్దుతున్నాను.

"యాదీ" అని పిలిచాడు. "అన్నం జర మెత్తగ వండు. నువ్వే పెడ్దువు."